1995ని ఒక్క వార్తతో గుర్తుపెట్టుకోవాలంటే ఏ వార్త?

పాతపేపర్ల_పిచ్చి:
ముప్ఫై ఏళ్ళు నిండాయి కదా, ఎక్కడ చూసినా 1995 జ్ఞాపకాల వీడియోలే. అన్నింటిలోనూ ఒకటే వరస. పెదరాయుడు, రంగీలా, పాలు తాగిన వినాయకుడు, వైశ్రాయ్ హోటల్, జెమినీ, ఈటీవీ. చివర్లో ఒక క్యాసెట్టు, పక్కన ఒక పెన్సిలు. కింద వెయ్యి కామెంట్లు, "ఆ రోజులే వేరు" అని.

నాకు అర్థం కాని సంగతి ఒకటి. ఆ ఏడాది జనవరి 16న రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. బ్రాందీ షాపులు, బార్లు అన్నీ మూత. ఏడు కోట్ల జనం దాకా ఉన్న రాష్ట్రంలో, ఒక్క రోజులో. నేను చూసిన వీడియోల్లో ఒక్కదానిలోనూ ఆ మాట లేదు.

పోనీ అది పైనుంచి ఊడిపడ్డ జీవోనా అంటే అదీ కాదు. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు మొదలుపెట్టారు. అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఊళ్ళో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ కథ. చదివి ఊరుకోలేదు, వాళ్ళ ఊళ్ళో కొట్టు మూయించారు. అది ఊరూరికీ పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. తర్వాత ఏడాది ఎన్నికల్లో ఎన్టీఆర్ మొత్తం మద్యమే ఆపేస్తానని మాటిచ్చి, గెలిచి, 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజునే సంతకం పెట్టారు. అమలు 1995లో.

చదువు రాని ఆడవాళ్ళు ప్రభుత్వాన్ని మెడలు వంచి చట్టం తెప్పించుకున్న ఏడాది అది. నా ఓటు దానికే. ఒప్పుకోనివాళ్ళు మీ వార్త ఏదో కారణంతో సహా చెప్పండి. ఉత్తినే హార్ట్ సింబల్ పెట్టి పోవద్దు.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
మీ మీద గౌరవంతోనే చెబుతున్నా పేపర్ గారూ, అది పెద్ద వార్తే, కానీ ఆ ఏడాది వార్త కాదు. 1995 అంటే ఆగస్టు. అంతే.

ఒక్కసారి ఆ క్రమం చూడండి. 1994 డిసెంబరులో 294 సీట్ల సభలో కాంగ్రెస్‌ను 26కి దించేసిన మనిషి ఎన్టీఆర్. ప్రతిపక్ష హోదా కూడా మిగల్లేదు వాళ్ళకి. ఢిల్లీలో ప్రధాని మన పీవీనే, ఆయన సొంత రాష్ట్రంలోనే ఆయన పార్టీకి ఆ గతి. అలాంటి మనిషి తొమ్మిది నెలలు తిరగకుండా పదవి పోగొట్టుకున్నాడు, అదీ తన పార్టీ ఎమ్మెల్యేల చేతిలో. ఆగస్టు ఆఖరి వారంలో, చంద్రబాబు వైపు ఎమ్మెల్యేలు మకాం వేసిన వైశ్రాయ్ హోటల్ ముందు ఏం జరిగిందో ఆ రోజుల్లో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణ స్వీకారం. 1996 జనవరి 18న ఎన్టీఆర్ చనిపోయారు.

అప్పుడు నేను హిమాయత్‌నగర్‌లో ఒక లాడ్జిలో ఉండేవాణ్ణి. కింద ఇరానీ హోటల్లో ఒక్క పేపరు, దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు టేబుళ్ళవాళ్ళు చదివేవాళ్ళు. మెయిన్ పేజీ ఎవరి చేతిలో ఉంటే వాడు పైకి చదవాలి, అది రూలు. లోపల ఎంతమంది, బయట ఎంతమంది అన్న లెక్క పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. క్రికెట్ స్కోరు కూడా ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇంకో మాట. మీరు గొప్పగా చెబుతున్న మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేసింది ఎవరు? ఆ ఆగస్టు సంక్షోభంతో వచ్చిన ప్రభుత్వమే. అంటే ఆ ఏడాది ఏ వార్త మిగతా వార్తల్ని మింగేసిందో మీరే తేల్చండి.

మోడరేటర్:
ముందే చెబుతున్నా. అది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అది ఎప్పటికీ తెగదు కూడా. ఇక్కడికి మోసుకురావద్దు.

గులాబీ_క్యాసెట్:
మీరిద్దరూ అసెంబ్లీ చుట్టూనే తిరుగుతున్నారు. జనం ఏడాదిని అసెంబ్లీతో గుర్తుపెట్టుకోరండీ, పాటలతో గుర్తుపెట్టుకుంటారు.

జూన్‌లో పెదరాయుడు వచ్చింది. తమిళ నాట్టామై రీమేకే, అయినా మోహన్‌బాబు, పాపారాయుడిగా రజనీకాంత్, సౌందర్య, భానుప్రియ, అన్నీ కుదిరాయి. ఏ ఊరి పంచాయితీలో చూసినా ఆ డైలాగులే. అంతకుముందే వేసవిలో శుభసంకల్పం, విశ్వనాథ్ గారు, కమల్, ఆమని, నిర్మాత బాలు గారు. సెప్టెంబరులో నడక కూడా సరిగ్గా రాని అఖిల్‌ని పెట్టి సిసింద్రీ. అదే నెలలో మన వర్మ హిందీలో రంగీలా తీస్తే, రెహమాన్ నేరుగా హిందీకి చేసిన మొదటి ఆల్బమ్ అదే. నవంబరులో గులాబీ. కృష్ణవంశీకి దర్శకుడిగా మొదటి సినిమా, గాయని సునీతకి మొదటి పాట. అదే నెల అమ్మోరు. హాల్లోనే ఆడవాళ్ళకి పూనకాలు.

ఇప్పుడు పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ మా బజార్లో రికార్డింగ్ సెంటర్ ఉండేది. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసివ్వాలి, ఏ సైడు ఏవి, బి సైడు ఏవి అని. అరవై నిమిషాల క్యాసెట్టా తొంభై నిమిషాలదా అని అడిగేవాడు. ఎంత లెక్కేసి రాసిచ్చినా సైడు చివరి పాట చరణం మధ్యలో తెగేది. ఇప్పటికీ గులాబీలో ఒక పాట నాకు ఆ తెగిన చోటిదాకానే నోటికి వచ్చు.

ఇక అసలు పాయింటు. ఆ ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం సొత్తు కాదు అని తీర్పు చెప్పింది. అదే ఏడాది కేబుల్ చట్టం వచ్చింది. జెమినీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. శుక్రవారం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం వారమంతా ఎదురుచూసే ఇంట్లోకి పొద్దస్తమానం తెలుగు వచ్చి కూర్చుంది. అన్నం తినే వేళ మారింది, చుట్టాలొచ్చే వేళ మారింది. ప్రభుత్వాలు ఐదేళ్ళకోసారి మారతాయి. ఇది మళ్ళీ వెనక్కి పోయిందా? ఇదీ 1995.

పాతపేపర్ల_పిచ్చి:
క్యాసెట్ గారూ, సినిమాల లిస్టులో ఒకటి వదిలేశారు. ఫిబ్రవరిలో వచ్చిన అల్లుడా మజాకా. హిట్టయినందుకు చెప్పట్లేదు. అందులో అసభ్యత ఉందని మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, నిషేధించాలన్నాయి. అటు చిరంజీవి అభిమానులు పోటీగా కదిలారు. పేపర్లలో ఆ గొడవ నడిచింది. సారా కొట్ల ముందు కూర్చున్నవాళ్ళూ, హాళ్ళ ముందు నిలబడ్డవాళ్ళూ ఒకరే అని నేననను. కానీ ఆడవాళ్ళు నలుగురు కలిసి వద్దంటే ప్రభుత్వం కదులుతుంది అన్న నమ్మకం ఆ గాలిలో ఉంది. మీ జ్ఞాపకాల వీడియోల్లో ఆ సినిమా పాటలున్నాయి, ఆ ధర్నాలు లేవు. నా ఫిర్యాదు అదే.

గులాబీ_క్యాసెట్:
వీడియో తీసేవాడు ధర్నా పెడితే ఎవడు చూస్తాడు సార్.

పాతపేపర్ల_పిచ్చి:
నేనూ అదే అంటున్నాను కదండీ.

లెక్కల_మాస్టారు:
నాకు ఏ పక్షమూ లేదు. ప్రశ్నే సరిగ్గా వేయలేదు అంటాను. "ఏడాది వార్త" కావాలంటే ఆ వార్త ఆ ఏడాదిదై ఉండాలి. మద్యనిషేధం ఉద్యమం 1992ది, సారా నిషేధం 1993ది, సంతకం 1994ది, ఎత్తివేత 1997ది. 1995కి మిగిలింది అమలు ఒక్కటే. దాన్ని ఆ దశాబ్దం ఖాతాలో వేయండి, ఏడాది ఖాతాలో కుదరదు. శాటిలైట్ టీవీ అంతే, ఎవరింటికి ఎప్పుడొచ్చిందో వాళ్ళకి ఆ ఏడాది. మా వీధిలోకి కేబుల్ 1998 దాకా రాలేదు. ఆ లెక్కన ఆగస్టు సంక్షోభం ఒక్కటే అచ్చంగా 1995లో మొదలై 1995లో తేలింది.

ఇంకొకటి, పేపర్ గారు ఒక కథలా చెప్పుకొచ్చారు కాబట్టి చెప్పాలి. సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చిన వారుణి వాహిని ఏ ప్రభుత్వం పెట్టింది? ఎనభైల్లో అదే ఎన్టీఆర్ ప్రభుత్వం. కాబట్టి ఆయన్ని మద్యం మీద కత్తి దూసిన వీరుడిగా చూపిస్తే సగం కథే.

ఖజానా మాట కూడా చూడాలి. ఒక పక్క కిలో బియ్యం 2 రూపాయలకి ఇవ్వాలి, ఇంకో పక్క ఎక్సైజ్ ఆదాయం ఆవిరి. రెండూ ఒకేసారి మోయడం ఎవరి వల్లా కాదు. 1996లో బియ్యం ధర మూడున్నర అయింది, మరుసటేడు మద్యం తిరిగొచ్చింది. ఆ రెండూ పక్కపక్కనే జరగడం యాదృచ్ఛికం కాదు.

పాతపేపర్ల_పిచ్చి:
మాస్టారూ, వీరుడు ఎన్టీఆర్ అని నేనెక్కడన్నాను? దూబగుంట ఆడవాళ్ళ పేరు చెప్పాను. వారుణి వాహిని సంగతి వాళ్ళకి మీకంటే నాకంటే బాగా తెలుసు, ఆ ప్యాకెట్లు పొలం గట్టు దాకా వచ్చేవి. ఆ మనిషి చేతనే రద్దు సంతకం పెట్టించడంలోనే ఉంది వాళ్ళ గెలుపు.

ఓరుగల్లు_ముచ్చట్లు:
అన్నా, నువ్వు నెల్లూరు నుంచి చూస్తే అది గెలుపే. మా దిక్కు నుంచి కూడా ఒకసారి చూడు.

సర్కారు సారా బందయినంక మా తండాల్లో, గూడేల్లో గుడుంబా పెరిగింది. పటిక, నల్లబెల్లం. ఊర్లో కిరాణం కొట్టుకు నల్లబెల్లం లారీ లారీగా దిగుతుంటే అందరికీ తెల్సు ఏంటికని. అరిసెలు చేసుకునేటందుకు కాదు కదా. ఎక్సైజోళ్ళు వచ్చేది, కుండలు పలగ్గొట్టేది, ఒకరిద్దరిని జీపెక్కించేది. దొరికినోడు ఎవడు? కుండ మోసినోడు. బెల్లం తెప్పిచ్చినోడు ఎన్నడూ దొరకలే. కేసులన్నీ గరీబోళ్ళ మీదనే. ఉన్నోడికి పక్క రాష్ట్రం నుంచి సీసాలు ఇంటికే వచ్చినయ్.

మా ఆడోళ్ళు కొట్లాడలేదని కాదు. వరంగల్, కరీంనగర్‌లల్ల కూడా ఆడోళ్ళు సారాకు ఎదురు నిలబడ్డరు, నెల్లూరు కథ ఒక్కటే పుస్తకాల్లోకి ఎక్కింది, అంతే. నేననేది ఏందంటే, అమలు తీరు మాట్లాడకుండ 1995ను పండుగ లెక్క చేస్తే నాకు మింగుడుపడది.

యానాం_గాలి:
ఎవరికి ఎలా ఉన్నా మా యానాంకి మాత్రం 1995 స్వర్ణయుగమండీ. మేం పుదుచ్చేరి కిందకి వస్తాం కదా, నిషేధం మా గుమ్మం ముందు ఆగిపోయింది. కాకినాడ నుంచి సాయంత్రం బస్సులో వచ్చేవాళ్ళంతా చుట్టాల ఇంటికే వచ్చామనేవారు. అంతమంది చుట్టాలున్నారని మా ఊరికే తెలీదు. తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో చెకింగ్. అందుకని తాగినంత కడుపులోనే పెట్టుకుని వెళ్ళేవారు, సంచిలో పెట్టుకుంటే దొరికిపోతారని.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
😂 వార్త అంటే ఇదీ.

పాతపేపర్ల_పిచ్చి:
ఓరుగల్లు అన్నా, నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. కానీ చూడు, నువ్వు చెప్పిన గుడుంబా, జీపులు, కేసులు, యానాం గారి బస్సులు, ఇదంతా ఏ వీడియోలో ఉంది? నిషేధం గెలిచిందా ఓడిందా అన్నది తర్వాత. ఆ ఏడాది ప్రతి ఊళ్ళో, ప్రతి ఇంట్లో రోజూ జరిగిన సంగతి అది. తాగేవాడికి, తాగనివాడికి, అమ్మేవాడికి, పట్టుకునేవాడికి, ఇంట్లో ఎదురుచూసే మనిషికి, అందరికీ తగిలింది. వైశ్రాయ్ అలా తగల్లేదు.

ఎడిసన్_ఆంటీ:
నేను చెబితే నవ్వుతారేమో, నా ఓటు వినాయకుడికి.

సెప్టెంబరు 21, గురువారం. ఢిల్లీలో తెల్లవారకముందే ఒక గుళ్ళో మొదలైందన్నారు. సాయంత్రానికల్లా దేశమంతా, లండన్ గుళ్ళలో కూడా క్యూలు. మాకు ఇక్కడ న్యూజెర్సీలో విజయవాడ నుంచి మా అత్తగారి ఫోను. ఆ రోజుల్లో ఇండియా ఫోనంటే నిమిషానికి ఎంత పడేదో మీకు తెలుసు, ఎవరైనా పోతే తప్ప చేసేవాళ్ళు కాదు. నేను హడలిపోయి ఎత్తితే, "అమ్మాయ్, మీ ఇంట్లో వినాయకుడున్నాడా, పాలు పట్టి చూడు" అన్నారు.

పట్టాను. అబద్ధమెందుకు. ఇత్తడి విగ్రహం, చిన్న స్టీలు చెంచా. చెంచా అంచు తొండానికి ఆనించి కాస్త వంచితే పాలు నిజంగానే తగ్గిపోయాయి. మా వారు కెమికల్ ఇంజనీరు, వెనకనుంచి వచ్చి విగ్రహం కింద ప్లేటు పెట్టి, పాలల్లో కాస్త కుంకం కలిపి మళ్ళీ పట్టమన్నారు. తొండం మీంచి పొట్ట మీదికి సన్నటి ఎర్రటి తడి, కింద ప్లేట్లో చుక్కలు. తలతన్యత వల్ల పాలు చెంచాలోంచి రాతి మీదికో లోహం మీదికో లాగబడి పల్చటి పొరలా జారిపోతాయి, తెల్లపాలు కాబట్టి కనబడదు. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు కూడా రంగు కలిపిన పాలతోనే చూపించారని తర్వాత చదివాను.

నమ్మారా లేదా అన్న చర్చ నాకొద్దు. నా పాయింటు వేరే. ఇంటర్నెట్టు లేదు, వాట్సాప్ లేదు. ఎస్టీడీ బూత్‌లు, ఇంటి ఫోన్లు, వీటితోనే ఒక్క రోజులో భూమి చుట్టేసింది ఒక కబురు. ఇవాళ మనం రోజూ చూసే ఫార్వార్డుల వెర్రికి మొదటి రిహార్సల్ అది. దాన్ని జోకుగా తీసేయకండి.

డయలప్_దాసు:
ఇంటర్నెట్టు లేదని ఎలా అంటారు ఆంటీ గారూ? ఆ ఆగస్టు 15నే ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. అది లేకపోతే మనమిలా కొట్టుకునే భాగ్యమే ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు:
తెరిచింది నిజమే, వాడినవాళ్ళు ఎందరు? ఆ జులై 31నే మొదటి మొబైల్ కాల్ కూడా, కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ ఏడాది మొబైల్‌ది అంటారా? విత్తనం వేసిన రోజును పంట చేతికొచ్చిన రోజుగా రాసుకోకూడదు.

గులాబీ_క్యాసెట్:
అలా అయితే మాస్టారూ, మీకు మిగిలేది గ్రహణం ఒక్కటే. అక్టోబరు 24, దీపావళి మర్నాడు. కచ్చితంగా 1995లో మొదలై 1995లోనే ముగిసింది.

లెక్కల_మాస్టారు:
ఉత్తరాదిన సంపూర్ణం, మనకి పాక్షికం. సగం మార్కులే వేస్తాను.

రెండువేల_బ్యాచ్:
నేను అప్పటికి పుట్టలేదు, మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. మా బ్యాచ్‌కి 1995 గురించి ఏం తెలుసో చెబుతాను. వైశ్రాయ్ తెలుసు, ఎందుకంటే ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు. పెదరాయుడు తెలుసు, టీవీలో వస్తూనే ఉంటుంది. పాలు తాగిన వినాయకుడు మీమ్స్‌లో తెలుసు. మద్యనిషేధం అప్పట్లో నిజంగా అమలైందని మాత్రం ఈ థ్రెడ్‌లోనే తెలిసింది. స్కూల్లో ఎక్కడో సారా ఉద్యమం అని ఒక పేరా చదివినట్టు గుర్తు, ఏడాది గుర్తులేదు.

ఒక డౌట్. ఇక్కడ రాస్తున్నవాళ్ళంతా అప్పట్లో ఇంట్లో టీవీయో, ఫోనో ఉన్నవాళ్ళే కదా? ఇరానీ హోటలు, రికార్డింగ్ సెంటరు, న్యూజెర్సీ. సారా వల్ల ఇల్లు గుల్లయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఈ థ్రెడ్‌లో?

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. కానీ జ్ఞాపకాల వీడియో అంటే చరిత్ర పాఠం కాదు. పదేళ్ళ వయసులో ఏం చూశాడో అది చెబుతాడు. పదేళ్ళవాడికి బ్రాందీ షాపు మూసిన సంగతి ఎందుకు గుర్తుంటుంది?

కందుకూరు_కోడలు:
ఉంటుందండీ. నాకు అప్పుడు పదకొండు.

మా నాన్న తాపీ పని చేసేవాడు. శనివారం కూలి. శనివారం రాత్రి మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు, నాన్న ఎంత తెస్తాడో చూసి అప్పుడు ఎసరు పెట్టేది. సారా ఆగాక బ్రాందీకి మళ్ళాడు, అది ఇంకా ఖరీదు. సంక్రాంతి తర్వాత షాపు మూశారు. మొదట్లో చాలా గోల చేశాడు, చేతులు వణికేవి, అమ్మ మీద అరిచేవాడు. దొంగచాటుగా దొరికేది, దొరకదని కాదు. కానీ రేటు ఎక్కువ, ఊరి చివరిదాకా పోవాలి, పట్టుకుంటే పరువు. మానలేదు గానీ తగ్గింది. ఇంటికి డబ్బు రావడం మొదలైంది.

ఆ ఏడాది అమ్మ చీటీ వేసింది. ఆ చీటీ పాటతో ఏం కొన్నదో తెలుసా? టీవీ. సెకండ్ హ్యాండ్ బ్లాక్ అండ్ వైట్ టీవీ. పక్కింటి కిటికీలోంచి చూస్తుంటే వాళ్ళు రెక్క మూశారని. కాబట్టి మీరు మద్యనిషేధమా టీవీయా అని కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, మా ఇంట్లో రెండూ ఒకే ఏడాది, ఒకదాని డబ్బుతో ఇంకోటి.

గులాబీ_క్యాసెట్:
అమ్మా, ఇంత బాగా చెప్పాక నా దగ్గర మాటల్లేవు. అయినా ఒకటి అడుగుతాను. మీ అమ్మగారు కూడబెట్టి కొన్నది టీవీనే అంటే, ఆ ఏడాది ఆమెకి కావాల్సింది అదే కదా? నా వాదన పూర్తిగా పోలేదు.

పాతపేపర్ల_పిచ్చి:
కందుకూరు అమ్మా, మీ పోస్టు ఒక్కటి చాలు, నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అప్పట్లో మా జిల్లా పక్కనే మీరు కూడా.

కందుకూరు_కోడలు:
మీ వాదనకి సాక్ష్యంగా చెప్పలేదండీ, దయచేసి అలా వాడుకోవద్దు. మిగతాది కూడా వినండి. 1997లో షాపు మళ్ళీ తెరిచారు. మా వీధి మొదట్లోనే, ఇదివరకటికంటే దగ్గర. నాన్న పాత దారిలోకి వచ్చేశాడు, ఈసారి అమ్మ అరవలేదు, విసిగిపోయింది. టీవీ మొదటి ఏడాదిలోనే తాకట్టుకి పోయింది. మా మేనమామ విడిపించాడు.

మీరు దాన్ని ఆడవాళ్ళు గెలిచిన ఏడాది అంటున్నారు. గెలిపించినవాళ్ళని తర్వాత ఎవరైనా అడిగారా, ఎత్తేయాలా వద్దా అని? మా అమ్మని ఎవరూ అడగలేదు. నాకు 1995 అంటే కోపం, మంచి ఏడాది అని చూపించి లాక్కున్నారని.

ఓరుగల్లు_ముచ్చట్లు:
చెల్లె, సరిగ్గా చెప్పినవ్. బంద్ పెట్టినప్పుడు కేసులు మా మీద, తీసినప్పుడు షాపు మీ వీధిల.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
ఆమె మాటకి ఎదురు చెప్పే ఉద్దేశం లేదు. కానీ ఎత్తేయాలా వద్దా అన్న నిర్ణయం ఎక్కడ జరిగింది అంటే మళ్ళీ ఆగస్టుకే వస్తాం. ఎన్టీఆర్ ఉండి ఉంటే...

లెక్కల_మాస్టారు:
ఉండి ఉంటే బియ్యం సబ్సిడీకి డబ్బు ఎక్కడినుంచి తెచ్చేవారో కూడా చెప్పండి. హర్యానా 1996లో నిషేధం పెట్టి 1998లో ఎత్తేసింది, అక్కడ వైశ్రాయ్ ఏమీ లేదు. మనిషి మారినందుకు ఎత్తేశారని నేననుకోను, ఖజానా వల్లే. ఇక అమ్మ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, పెట్టేటప్పుడు ఉద్యమం చేసినవాళ్ళని ఎత్తేసేటప్పుడు ఎందుకు అడగలేదని. అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టేనేమో.

రెండువేల_బ్యాచ్:
నేనొక వీడియో చేద్దామనుకుంటున్నాను, కందుకూరు అక్క ఒప్పుకుంటే. పేరు, ఊరు ఏమీ లేకుండా. టీవీ కథ ఒక్కటే కాకుండా తాకట్టు దాకా.

కందుకూరు_కోడలు:
అమ్మని అడిగి చెబుతాను బాబూ. ఆమెకి ఎనభై దగ్గరపడుతోంది. టీవీ మాత్రం ఇప్పటికీ రోజంతా పెట్టుకునే ఉంటుంది.

ఎడిసన్_ఆంటీ:
చేస్తే నా కుంకం పాలు కూడా ఒక పది సెకన్లు పెట్టు నాన్నా.

శ్రీకాకుళం_సిన్నోడు:
ఇప్పుడే మొత్తం చదివాను. ఇన్ని పోస్టుల్లో ఒక్కరికీ కరణం మల్లీశ్వరి గుర్తురాలేదు. మా ఆమదాలవలస పిల్ల. 1994లో ఒకసారి, 1995లో ఇంకోసారి ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ ఛాంపియన్. వరసగా రెండేళ్ళు ప్రపంచంలో మొదటి స్థానం, ఒక తెలుగమ్మాయి. అప్పుడు పేపర్లో ఆటల పేజీలో ఎక్కడో కిందకి వేశారు. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చాక గానీ ఊరేగింపులు లేవు. ఆడవాళ్ళు గెలిచిన ఏడాది అంటున్నారు కదా, ఈ గెలుపుని ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. నా ఓటు మల్లీశ్వరికి.

లెక్కల_మాస్టారు:
బరువు పాయింటే. ఏ కేటగిరీ, 54 కిలోలా?

శ్రీకాకుళం_సిన్నోడు:
అవును మాస్టారూ, 54.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
సరే, మళ్ళీ ఆగస్టు విషయానికొస్తే, లెక్కల గారు హర్యానాతో పోల్చడం కుదరదు, ఎందుకంటే అక్కడ...

శ్రీకాకుళం_సిన్నోడు:
చూశారా.